ఏడాదికి పన్నెండు ఇళ్లు

ఇద్దరు డిజైనర్లు, ఒక సైట్ సూపర్‌వైజరు, పని ఉన్నప్పుడు వచ్చే రెండు కార్పెంటర్ బృందాలు. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా చిన్న ఇంటీరియర్ ఆఫీసు అంటే చాలావరకు ఇంతే. 3 బీహెచ్‌కే ఫ్లాటుకు అడ్వాన్సు అందిన నాటి నుంచి తాళాలు అప్పగించే దాకా 90 రోజులు వేసుకుందాం. అందులో డిజైన్‌కీ మెటీరియల్ ఖాయం చేసుకోవడానికీ 30, పనికి 60. ఒకేసారి మూడు ఇళ్లు నడిపితే ఏడాదికి 12 అవుతాయి. ఆశపడి నాలుగోది పట్టుకుంటే మిగతా మూడింట్లో ఒకటి తప్పకుండా ఆలస్యమవుతుంది. ఆ ఇంటివాళ్లు గూగుల్‌లో ఒక్క నక్షత్రం ఇచ్చి రాసే నాలుగు ముక్కలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి.

ఆన్‌లైన్ ప్రచారంలోకి దిగే చాలామంది ఈ 12 అనే అంకె వేసుకోకుండానే దిగుతారు. ఫాలోవర్లు ఎన్ని వేలు, రీల్‌కి వ్యూస్ ఎన్ని లక్షలు అన్న దగ్గర మొదలుపెడతారు. పెద్ద కంపెనీలకు ఆ లెక్క అవసరమే. లివ్‌స్పేస్ 2022 ఫిబ్రవరిలో 18 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుని యూనికార్న్ అయింది. హోమ్‌లేన్ 2021లో ధోనీని ప్రచారకర్తగానూ వాటాదారుగానూ తీసుకుంది. ఊరూరా షోరూములు, ఫ్యాక్టరీలో కోసిన పలకలు, వందలమంది డిజైనర్లు ఉన్నవాళ్లకు వేల ఇళ్లు కావాలి. వాళ్ల ప్రకటనలు చూసి ముగ్గురున్న ఆఫీసు అదే బాట పడితే, నెల తిరిగేసరికి చేతిలో వంద ఫోన్ నంబర్లుంటాయి, పని మాత్రం ఉండదు.

వంద నంబర్ల కథ

ఒక లెక్క వేద్దాం. ఇవి ఊహించిన అంకెలు. మీ ఆఫీసువి మీరు పెట్టుకుని చూసుకోండి. నెలకు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ప్రకటనలకు 30,000 రూపాయలు పెట్టారు. దాని మీద జీఎస్టీ 18 శాతం, అంటే 5,400. మొత్తం 35,400. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోని ఆఫీసైతే ఆ 5,400 తిరిగి రాదు. రిజిస్ట్రేషన్ ఉంటే క్రెడిట్‌గా సర్దుకోవచ్చు.

ప్రకటన కింద ‘ఉచితంగా 3డి డిజైన్, ఇప్పుడే ఫోన్ చేయండి’ అని పెట్టారనుకోండి. ఒక్కో ఎంక్వైరీ 300 రూపాయలకు పడితే వంద వస్తాయి. వందలో 50 మంది ఫోన్ ఎత్తుతారు. మిగతావాళ్లలో కొందరు ఫారం నింపిన సంగతే మరిచిపోయి ఉంటారు. ఎత్తిన 50లో ఇల్లు చేతికొచ్చి, మీ స్థాయి బడ్జెట్ ఉన్నవాళ్లు 15 మంది. వాళ్లలో ఆరుగురి ఇళ్లకు వెళ్లి కొలతలు తీశారు, ముగ్గురికి కొటేషన్ ఇచ్చారు, ఒకరు అడ్వాన్సు ఇచ్చారు. ఒక ఇంటికి ఖర్చు 35,400 రూపాయలు. పది లక్షల పనిలో సరుకు, కూలీ పోగా 15 శాతం మిగులుతుందనుకుంటే లక్షన్నర. అందులో 23.6 శాతం ప్రకటనకే పోయింది. ఫోనుకు పావుగంట చొప్పున వంద ఫోన్లంటే 25 గంటలు. అంటే నెలలో మూడు పనిదినాలు డిజైనర్ బల్ల దగ్గర లేనట్టే.

ఇప్పుడు అదే డబ్బుతో ఇంకో ప్రకటన. ఈసారి ఉచితం అన్న మాట తీసేశారు. ‘మా పని 8 లక్షల నుంచి మొదలు. కొత్త పని మొదలుపెట్టడానికి రెండు నెలలు ఆగాలి. గచ్చిబౌలి, నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేట వైపు మాత్రమే చేస్తాం’ అని పెట్టారు. ఎంక్వైరీలు 40కి పడిపోయాయి, ఒక్కోటి 750 రూపాయలు. ప్రకటనలు నడిపే ఏజెన్సీ కుర్రాడు రిపోర్టు పట్టుకుని దిగులుగా వస్తాడు. ఎంక్వైరీ ధర రెండున్నర రెట్లు పెరిగింది మేడమ్, పాత ప్రకటనే మళ్లీ పెడదాం అంటాడు. కానీ ఆ 40లో 16 మంది పనికొచ్చేవాళ్లు. ఎనిమిది సైట్ విజిట్లు, ఐదు కొటేషన్లు, రెండు అడ్వాన్సులు. ఇంటికి 17,700. ఫోన్లకు పోయింది 10 గంటలు.

రెండో లెక్క నేను కావాలనే మెరుగ్గా వేశానని మీకు అనిపించవచ్చు. సరే, రెండు అడ్వాన్సుల బదులు ఒక్కటే వచ్చిందనుకోండి. అప్పటికీ డబ్బు మొదటి దానితో సమానమే, 15 గంటలు మిగిలాయి. ఆఫీసు చూసుకోవలసిన అంకెలు రెండే: ఒక అడ్వాన్సుకు ఎంత ఖర్చయింది, ఎన్ని గంటలు పోయాయి. ఎంక్వైరీ ధర ఏజెన్సీకి పనికొచ్చే అంకె. అది ఎంత తగ్గితే వాళ్ల రిపోర్టు అంత అందంగా ఉంటుంది.

ధర దాచిపెట్టడం

మన దగ్గర ఇంటీరియర్ వాళ్ల పేజీలు వంద తిరగేయండి, ధర ఉన్నది కనిపించడం అరుదు. ‘వివరాలకు ఇన్‌బాక్స్ చేయండి’ అనే ఉంటుంది. ధర చెబితే పక్క ఆఫీసు వంద తగ్గించి చెబుతుందని భయం. ఆ భయం పూర్తిగా తప్పని అనను. ఎందుకంటే ఈ రంగంలో చదరపు అడుగు రేటు అన్నదానికి ఒక్క అర్థం లేదు.

ఫ్లాటు పత్రంలో 1,800 చదరపు అడుగులుందంటే అది సూపర్ బిల్టప్. గోడల మధ్య మనం నడిచే చోటు అందులో 70 శాతమైతే 1,260. రియల్ ఎస్టేట్ చట్టం 2016లో వచ్చాక బిల్డరు కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి. ఇంటీరియర్ వాళ్లకు అలాంటి నియమం లేదు. చదరపు అడుగుకు 600 అని ఒకరంటే, అది 1,800 మీద అయితే 10,80,000. 1,260 మీద అయితే 7,56,000. తేడా 3,24,000. ఇంకొకరు వార్డ్‌రోబ్ ముఖం కొలిచి రేటు చెబుతారు: ఏడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు, 56 చదరపు అడుగులు, 1,500 చొప్పున 84,000. లోపలి సొరుగులు, మెత్తగా మూసుకునే ఛానెళ్లు, పైన లాఫ్ట్ అందులో ఉన్నాయో లేదో అడగాలి. అడిగాకే తెలుస్తుంది, సగం లేవని.

కాబట్టి రేటు రాయడం వల్ల లాభం తక్కువ. పూర్తయిన ఒక ఇంటి మొత్తం బిల్లు చూపించడం మేలు, ఇంటివాళ్ల పేరు, ఫ్లాటు నంబరు లేకుండా. కిచెన్‌కి ఇంత, మూడు వార్డ్‌రోబ్‌లకు ఇంత, పూజ గదికి, టీవీ యూనిట్‌కి, ఫాల్స్ సీలింగ్‌కి, రంగులకు ఇంత, డిజైన్ ఫీజు ఇంత, జీఎస్టీ 18 శాతం ఇంత. చివర్లో మొదట అనుకున్నదెంత, ఆఖరికి అయిందెంత. ఈ చివరి వరస రాసే ధైర్యం ఉన్నవాళ్లు నూటికి ఒక్కరుండరు. అది రాసిన పేజీని ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటారు.

ప్లైవుడ్ సంగతీ అంతే. ‘మెరైన్ ప్లై వాడతాం’ అని అందరూ రాస్తారు. సాధారణ ప్లైవుడ్‌కు ఐఎస్ 303, మెరైన్‌కు ఐఎస్ 710 ప్రమాణాలు. ఆ అంకె, ఐఎస్‌ఐ ముద్ర షీటు మీదే ఉంటాయి. లామినేట్ అంటించాక ఆ ముద్ర ఎవరికీ కనిపించదు. ఎనిమిదడుగులు నాలుగడుగుల షీటు, 32 చదరపు అడుగులు, సైటుకు దిగిన రోజున ముద్ర కనిపించేలా ఫోనుతో ఒక ఫొటో తీసి ఆ ఇంటి పోస్టులో కలపండి. సోఫా పక్కన పెట్టిన మొక్క ఫొటో కంటే ఇది ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

గది ఎంతుందో అంతే

ఇక ఫొటోలు. ఈ వృత్తిలో ఖర్చుపెట్టాల్సింది ఇక్కడే, చాలామంది పిసినారితనం చూపేదీ ఇక్కడే.

ఫోనులో 0.5 అని ఉండే వెడల్పు కెమెరా దాదాపు 13 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం. అడ్డంగా సుమారు 108 డిగ్రీలు చూస్తుంది. 24 మిల్లీమీటర్ల లెన్సు చూసేది 74 డిగ్రీలు, 35 మిల్లీమీటర్లది 54. పది బై పన్నెండు బెడ్‌రూమును 13తో తీస్తే కల్యాణ మండపంలా కనబడుతుంది, మంచం కాళ్లు సాగిపోతాయి. చూసి ముచ్చటపడి వచ్చిన మనిషి తన పది బై పన్నెండు గదిలో అదే కావాలంటాడు. అక్కడి నుంచి మూడు నెలలు వాదనే. 24కి తగ్గకుండా తీయండి. కెమెరా నాలుగడుగుల ఎత్తున, నిలువు గీతలు నిటారుగా ఉండాలి. గదిలో పసుపు బల్బులు 3,000 కెల్విన్, కిటికీ వెలుగు 5,500 పైన. రెండూ కలిస్తే తెల్ల గోడ ఒకవైపు పసుపు, ఇంకోవైపు నీలం. లైట్లు ఆర్పేసి పగటి వెలుగులో కొన్ని, చీకటి పడ్డాక లైట్లతో కొన్ని తీస్తే సరి.

ఫొటోగ్రాఫరు రోజుకు 20,000 తీసుకుంటాడనుకుందాం. పన్నెండు ఇళ్లూ తీయించక్కర్లేదు. మీరు మళ్లీ చేయాలనుకునే తరహావి నాలుగు ఎంచుకోండి, 80,000. మన మొదటి లెక్కలో రెండు నెలల పై చిల్లర ప్రకటన ఖర్చు అది. ప్రకటన డబ్బు ఆపగానే ఆగిపోతుంది, ఈ ఫొటోలు మూడు నాలుగేళ్లు పనిచేస్తాయి. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. ఫొటోగ్రాఫరు పంపే కాగితంలో వేరే మాట ఉందేమో చదివి సంతకం పెట్టండి. హక్కు మీదైనా ఇల్లు వాళ్లది. పిల్లల ఫొటో ఫ్రేములు, గుమ్మం మీద పేరు పలక, కిటికీలోంచి కనిపించే అపార్ట్‌మెంట్ బోర్డు పడకుండా తీసి, ఇంటివాళ్ల అనుమతి రాతలో తీసుకోవాలి. అడ్వాన్సు తీసుకునే ఒప్పందంలోనే ఆ వాక్యం ఉంటే తర్వాత మొహమాటాలుండవు.

3డి బొమ్మలను పూర్తయిన ఇళ్లలా చూపడం ఈ రంగంలో మామూలైపోయింది. సాఫ్ట్‌వేర్లు అంత బాగా గీస్తున్నాయి మరి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానాకు అవకాశం ఇచ్చింది. చిన్న ఆఫీసు మీదికి ఎవరొస్తారులే అనుకోవచ్చు. అధికారి రాకపోయినా కస్టమరు వస్తాడు, బొమ్మనూ గోడనూ పక్కపక్కన పెట్టి. బొమ్మ పెట్టండి, మూలన ‘3డి డిజైన్’ అని రాయండి, దాని తర్వాత అదే కోణంలో తీసిన అసలు ఫొటో పెట్టండి. రెండూ సరిపోలితే అంతకంటే పెద్ద ప్రకటన లేదు.

మంచి ఫొటో తీయించి వెబ్‌సైటులో యథాతథంగా ఎక్కించేవాళ్లున్నారు. ఒక్కోటి 5 ఎంబీ, పది ఫొటోలు 50 ఎంబీ. సెకనుకు 10 మెగాబిట్ల ఇంటర్నెట్ మీద అవి దిగడానికి 40 సెకన్లు. వెడల్పు 1,920 పిక్సెళ్లకు కుదించి 250 కేబీకి తెస్తే పదీ కలిపి రెండున్నర ఎంబీ, రెండు సెకన్లు. కంటికి తేడా తెలియదు. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. మూడు సెకన్లు దాటితే ఫోనులో చూసేవాళ్లలో 53 శాతం వెళ్లిపోతున్నారని 2016లో గూగుల్ సంస్థే చెప్పింది.

ఎక్కడ పెట్టాలి

ఇన్‌స్టాగ్రామ్ 2015 ఆగస్టు దాకా చదరపు ఫొటోలే తీసుకునేది. 2025 జనవరిలో ప్రొఫైల్ గళ్లను నిలువుగా మార్చింది, చదరంగా అమర్చుకున్న పేజీల్లో తలలూ అంచులూ తెగిపోయాయి. 2017లో ఒక పోస్టుకు పది ఫొటోలిచ్చి, 2024లో ఇరవై చేసింది. ఇంటీరియర్ ఆఫీసుకు పనికొచ్చేది ఈ ఇరవైయే. ముందు ఖాళీ ఫ్లాటు, ఆపైన ప్లాను, ప్లై ముద్ర, సగం పనిలో ఉన్న గది, అసలు ఫొటోలు, చివర బిల్లు. పాటకు తలుపులు తెరిచే రీల్స్ చేయాలనిపిస్తే చేయండి, ఇంట్లో పిల్లలు సరదా పడతారు.

సొంత వెబ్‌సైటు ఎందుకంటే, 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్‌లో ఉన్న పేజీలన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. ఐదు పేజీల సైటు చాలు. డిజైనర్లను వెతుక్కునే హౌజ్ లాంటి వేదికలు 2009 నుంచి అమెరికాలో నడుస్తున్నాయి. మన ఊళ్లలో ఫ్లాటు కొన్నవాళ్లు మొదట తెరిచేది గూగుల్ మ్యాప్. అక్కడ ఎవరు పైకి రావాలన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుందని గూగుల్ చెబుతుంది: వెతికినదానికి సరిపోవడం, దూరం, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. సేవలందించే ప్రాంతాలు 20 దాకా రాసుకోవచ్చు, ఇంటి నుంచి నడిపేవాళ్లు చిరునామా దాచుకోవచ్చు. ఆఫీసు పేరు వెనక ‘బెస్ట్ ఇంటీరియర్ డిజైనర్స్ ఇన్ హైదరాబాద్’ అని తగిలించడం గూగుల్ నియమాలకు విరుద్ధం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైలుకే ఎసరు.

డబ్బో బహుమతో ఇచ్చి రివ్యూలు రాయించుకోవడాన్ని గూగుల్ ఒప్పుకోదు. ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా వచ్చింది. చాలామంది తాళాలిచ్చే రోజునే రివ్యూ అడుగుతారు. ఆ రోజు అందరూ సంతోషంగానే ఉంటారు, ‘సూపర్ వర్క్’ అని రెండు మాటలు రాస్తారు. ఏడాది ఆగి అడగండి. ‘వానాకాలం కూడా చూశాం, సింకు కింద తలుపు ఉబ్బలేదు’ అన్న ఒక్క వాక్యం యాభై సూపర్‌లకు సమానం.

పేరు దగ్గర ఒక జాగ్రత్త. ఆర్కిటెక్ట్ అని రాసుకోవడానికి 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం వాళ్ల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ చట్టం కాపాడేది ఆ పేరునే, డిజైన్ పని ఇతరులు చేయకూడదనలేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటీరియర్ డిజైనర్‌కి ఆ బాధ లేదు. విచిత్రం ఏమిటంటే రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకే చేతులు కట్టేసి ఉన్నాయి. 1989 నాటి వృత్తి నడవడి నిబంధనలు ఆర్కిటెక్టులు ప్రకటనలు ఇచ్చుకోకూడదన్నాయి. కట్టిన భవనం మీద పేరు రాసుకోవచ్చు గానీ అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదట. భార్యాభర్తల్లో ఒకరు ఆర్కిటెక్ట్, ఒకరు ఇంటీరియర్ డిజైనర్ అయిన ఆఫీసులు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లు ప్రకటన కొనే ముందు ఆ నిబంధనలు ఒకసారి చదువుకోవాలి.

డాలస్ రాత్రి, ఖమ్మం పొద్దున

అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2010, 2017 మధ్య 86 శాతం పెరిగారు. హైదరాబాదు పడమటి వైపు ఫ్లాట్లలో వాళ్లవి ఎన్నో. డాలస్‌లో శీతాకాలం రాత్రి ఎనిమిదంటే మనకు మర్నాడు పొద్దున ఏడున్నర, వేసవిలో ఆరున్నర. వాళ్లతో మాట్లాడే సమయం ఇదే. ‘పని వేళలు పది నుంచి ఆరు’ అని పేజీలో రాసుకున్న ఆఫీసు వాళ్లకు అందదు.

ఈ ఇళ్లకు కస్టమర్లు ఇద్దరు. డబ్బు పంపేది డాలస్‌లో అబ్బాయి, సైటుకొచ్చి తలుపు తట్టి చూసేది ఖమ్మం నుంచి బస్సెక్కి వచ్చే నాన్నగారు. ‘అక్కడ మా నాన్నగారు చూసుకుంటారండి’ అన్న మాట వినని డిజైనరు ఉండరు. అబ్బాయికి వారం వారం వీడియో, ఏ దశకు ఎంత కట్టాలో రాతలో కావాలి. పెద్దాయన ఇంగ్లీషు బ్రోషరు పక్కన పెట్టి మేస్త్రీని అడుగుతారు. ఒప్పందంలోని ముఖ్యమైన షరతులు, హామీ ఎన్నేళ్లు, దేనికి వర్తించదు అన్నవి తెలుగులో ఒక పేజీ రాసి సైటులో పెట్టండి. ఆ పేజీకయ్యే ఖర్చు ఒక మధ్యాహ్నం.

ప్రకటనల నెలలు కూడా పంచాంగం చూసి వేసుకోవాలి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో, మూఢం రోజుల్లో గృహప్రవేశాలుండవు. అందుకని ఆ నెలల్లో ప్రచారం ఆపేసి శ్రావణం రాగానే డబ్బు కుమ్మరించేవాళ్లున్నారు. శ్రావణంలో తయారైన ఇంట్లోకి దిగాలనుకున్నవాళ్లు అడ్వాన్సు ఇవ్వాల్సింది 90 రోజుల ముందు, ఆఫీసులు వెతకడం మొదలుపెట్టేది ఇంకో నెల ముందు. ఆగస్టు ఇళ్లకు వెతుకులాట ఏప్రిల్‌లో. ఇంకో రకం వాళ్లు ఉత్త గోడల మధ్య పాలు పొంగించేసి, ఆ తర్వాత కార్పెంటర్‌ను పిలుస్తారు. వీళ్లకు మాత్రం శ్రావణం ప్రకటన సరైన సమయానికి అందుతుంది. మీ దగ్గరికొచ్చేవాళ్లలో ఏ రకం ఎక్కువో నిరుటి రిజిస్టరు చెబుతుంది.

ఆ రిజిస్టరులో ‘మా గురించి ఎలా తెలిసింది’ అన్న గడి ఒకటి ఉండాలి, అడ్వాన్సు ఇచ్చిన రోజున అడిగి నింపాలి. జవాబు తరచూ ఇలా వస్తుంది: ‘ఆఫీసులో కొలీగ్ ఇంట్లో చూశామండి, తర్వాత మీ ఇన్‌స్టాగ్రామ్ చూశాం.’ ప్రకటనల యాప్ ఈ ఇంటిని తన ఖాతాలో వేసుకుంటుంది. నిజానికి తెచ్చింది కొలీగ్ ఇల్లు, పేజీ చేసింది అవునని తలూపడం. పేజీలో ఆఖరి ఫొటో రెండేళ్ల కిందటిదైతే ఆ తలూపడం కూడా ఉండదు, ఆఫీసు మూసేశారనుకుంటారు. ఏడాది చివర పన్నెండు గడులు చూసుకున్నప్పుడు ఏడు పాత ఇళ్ల నుంచే వచ్చాయని తేలితే, పూర్తయి ఏడాది నిండిన ప్రతి ఇంటికీ ఒక మనిషిని పంపండి. వదులైన హింజెలు బిగించి, సొరుగు ఛానెళ్లు సరిచేసి, ఒప్పుకుంటే నాలుగు ఫొటోలు తీసుకుని, రివ్యూ అడిగి వస్తాడు. కార్పెంటర్ కూలీ, పెట్రోలు కలిపి ఇంటికి 1,500 అనుకున్నా పన్నెండు ఇళ్లకు 18,000 అవుతుంది. మనం మొదట వేసుకున్న ఒక నెల ప్రకటన ఖర్చులో దాదాపు సగం.